పండితుని గర్వాన్ని కరిగించిన కృప

ఆకలికి తాళలేక చేసిన దొంగతనాన్ని లోకం క్షమిస్తుంది. ఆశకు లొంగి చేసిన దొంగతనాన్ని నిందిస్తూనే అర్థం చేసుకుంటుంది. ఆకలీ లేక, ఆశా లేక, చేయరాదన్న ఒక్క కారణంతోనే చేసిన దొంగతనాన్ని ఏమనాలి? క్రీ.శ. 370 ప్రాంతంలో ఉత్తరాఫ్రికాలోని తగాస్తె అనే చిన్న పట్టణంలో పదహారేళ్ల కుర్రవాడొకడు నడిరేయి స్నేహితులతో కలిసి, తమ ద్రాక్షతోట పక్కనున్న ఒక బేరిచెట్టును దులిపి పండ్లన్నీ మోసుకుపోయాడు. అవి చూపుకు ఇంపైనవీ కావు, నోటికి తీయనివీ కావు. అంతకంటె మేలైన పండ్లు అతనికి కొదవ లేవు. ఒకటి రెండు కొరికి, మిగిలినవన్నీ పందులకు విసిరివేశారు. ఊరివారు ఆ సంగతి నాలుగు రోజులకే మరచిపోయి ఉంటారు. ఆ కుర్రవాడు మాత్రం మరచిపోలేదు. నలభై ఏళ్లు దాటి, ఒక నగరానికి బిషప్‌ అయి, జనుల గౌరవం అందుకుంటున్న రోజులలో ఆ రాత్రిని గురించి పుటలకొద్దీ రాశాడు. తాను ఆ పండ్లను ప్రేమించలేదనీ, తప్పునే ప్రేమించాననీ తేల్చుకున్నాడు. తనను అడ్డగించేవాడు ఎవడూ లేడన్న భావన, అంటే సర్వేశ్వరునికి మాత్రమే చెల్లే స్వాతంత్ర్యాన్ని తానొక్క రాత్రి అభినయించి చూడాలన్న దురహంకారం, ఆ చెట్టు కింద తన చేత ఆ పని చేయించిందని ఆయన నిర్ణయం.

ఆ కుర్రవాడే పునీత అగస్టీన్‌. పౌలు తరువాత పాశ్చాత్య క్రైస్తవాన్ని ఇంతగా తీర్చిదిద్దినవాడు మరొకడు లేడంటే అతిశయోక్తి కాదు. మన తెలుగునాట కథోలిక కుటుంబాలవారు కూడా ఆగస్టు 28న ఆయనను, అంతకు ముందురోజు ఆయన తల్లి మోనికను స్మరించుకుంటారు. అర్చన చేసుకుంటూ, వేదం చెప్పుకుంటూ కాలం గడిపేవాడికి ఈ కథతో పనేమిటని మీరు అడగవచ్చు. పని ఉంది. విద్యామదమనే వ్యాధి వేదపాఠశాలలో పుట్టినా, రోమన్ల వక్తృత్వశాలలో పుట్టినా లక్షణాలు ఒకటే. ఆ వ్యాధికి రోగీ తానే, సాక్షీ తానే అయి, ఇంత నిర్దాక్షిణ్యంగా రాసిపెట్టినవారు ఏ దేశంలోనైనా అరుదు.

అగస్టీన్‌ 354 నవంబరు 13న జన్మించాడు. నేటి అల్జీరియాలోని సూక్‌ అహ్రాస్‌ పట్టణమే నాటి తగాస్తె. తండ్రి పత్రీషియస్‌ కొద్దిపాటి భూమీ, పట్టణ పాలకమండలిలో స్థానమూ ఉన్నవాడు. పూర్వపు రోమన్‌ దేవతలను కొలిచే సంప్రదాయంలో పెరిగి, అవసాన కాలంలో మాత్రమే బాప్తిస్మం పొందాడు. తల్లి మోనిక క్రైస్తవ కుటుంబంలో పుట్టిన భక్తురాలు. బిడ్డ నాలుకపై ఉప్పు ఉంచి క్రీస్తు సంఘానికి చెందినవాడిగా గుర్తు వేయించినా, ఆ కాలపు ఆచారం ప్రకారం బాప్తిస్మాన్ని వాయిదా వేశారు. బాప్తిస్మం తరువాత చేసే పాపాలు మరింత ఘోరమైనవన్న భయం నాటివారిది. కొడుకు గొప్ప వక్త కావాలన్నది తండ్రి పట్టుదల. మదౌరా పట్టణంలో కొంత చదివించి, చేతిలో సొమ్ము చాలక ఒక ఏడాది ఇంట్లో కూర్చోబెట్టాడు. బేరిపండ్ల రాత్రి ఆ ఖాళీ ఏడాదిలోనిదే. తరువాత రొమానియానస్‌ అనే ధనికుడు ఆదుకోగా అగస్టీన్‌ కార్తేజ్‌ మహానగరానికి చేరాడు.

నాటి వక్తృత్వ విద్య అంటే ఏమిటో ఒక్క మాట చెప్పాలి. న్యాయస్థానంలో గెలవడం, సభలో మెప్పించడం, ప్రభువును స్తుతించడం దాని ప్రయోజనాలు. చెప్పేది సత్యమా కాదా అన్నది దానికి పట్టని విషయం. ఉచ్చారణలో ఒక అక్షరం తప్పితే సిగ్గుతో కుంగిపోయే పండితులు సాటి మనిషిని ద్వేషించడానికి సిగ్గుపడేవారు కారని అగస్టీన్‌ తరువాత చమత్కరించాడు. (ఈ మాట చదివినప్పుడు స్వరదోషాల మీద రేయంతా వాదించుకునే కొన్ని మన సభలు కూడా గుర్తుకు రాకపోలేదు!) ఆ శాలలో అతడే ప్రథముడు. ప్రథముడినన్న గర్వంతో తాను ఉబ్బిపోయిన సంగతి కూడా అతడు దాచలేదు.

పందొమ్మిదో ఏట సిసిరో రాసిన హార్టెన్షియస్‌ అనే గ్రంథం అతనిలో జ్ఞానతృష్ణ రగిలించింది. అప్పుడు బైబిల్‌ తెరిచాడు. ఆ సాదా లాటిన్‌ అనువాదం సిసిరో ధారకు ఎదుట మొరటుగా కనిపించింది. మూసివేశాడు. ద్వారం పొట్టిది, లోపల మందిరం ఎత్తైనది. తల వంచి లోపలికి వెళ్లడం నాటికి తనకు చేతకాలేదని ఆయన తరువాత గ్రహించాడు. అలా తిరిగివచ్చినవాడు మూడవ శతాబ్దంలో పారశీక సామ్రాజ్యంలో బోధించిన మానీ మతంలో చేరి, తొమ్మిదేళ్లు దానిని అంటిపెట్టుకున్నాడు. వెలుగూ చీకటీ రెండూ అనాదిశక్తులనీ, మనిషి చేసే చెడుకు అతనిలో చేరిన చీకటియే కర్త అనీ ఆ మతం చెప్పేది. ఈ సిద్ధాంతం తనకెందుకు నచ్చిందో ఆయన ఇచ్చిన కారణాన్ని మీరు జాగ్రత్తగా గమనించండి. పాపం చేసింది నేను కాదు, నాలోని మరేదో అని చెప్పుకోవడం అతని గర్వానికి హాయిగా ఉండేది. దోషమే లేనివాడికి క్షమతో పనేముంది?

మోనిక కుమిలిపోయింది. కొంతకాలం కొడుకును ఇంటి గడప తొక్కనివ్వలేదు. వాదించి ఒప్పించమని ఒక బిషప్‌ను వేడుకుంటే, ఆయన నిరాకరించి, కుర్రవాడు చదివి చదివి తానే తెలుసుకుంటాడనీ, ఇన్ని కన్నీళ్ల బిడ్డ నశించడం జరగదనీ చెప్పి పంపాడు. 383లో అగస్టీన్‌ రోమ్‌కు ప్రయాణమైతే ఆమె సముద్రతీరం దాకా వెంబడించి, వెళ్లవద్దని పట్టుకుంది. మిత్రుణ్ణి సాగనంపి వస్తానని అబద్ధం చెప్పి, ఆ రాత్రి పునీత సిప్రియన్‌ స్మారక మందిరంలో ఆమె ప్రార్థనలో ఉండగా అతడు ఓడ ఎక్కాడు. తెల్లవారి తీరాన ఆ తల్లి పడిన వేదనను ఆయన ఎంత వివరంగా రాశాడంటే, తన నేరాన్ని తానే నమోదు చేసే లేఖకుడిలా కనిపిస్తాడు. కొడుకు ఓడ ఎక్కకూడదని కదా ఆమె ఆ రాత్రి ప్రార్థించింది! దేవుడు ఆ రాత్రి కోరికను తోసిపుచ్చింది, ఆమె జీవితకాలపు కోరికను తీర్చడానికేనని ఆయన భావించాడు.

రోమ్‌లో శిష్యులు గురుదక్షిణ ఇచ్చే వేళకు మూకుమ్మడిగా మరో గురువు దగ్గరకు మారిపోయేవారు. ఏడాదికే ఆ ఊరు విసుగెత్తి, 384లో మిలన్‌ నగరంలో ఆస్థాన వక్తృత్వాచార్య పదవి సంపాదించాడు. చక్రవర్తి నివసించే నగరం అది. మారుమూల పట్టణపు కుర్రవాడికి ముప్ఫై ఏళ్లకే దక్కిన పదవి. ఒకనాడు చక్రవర్తిపై స్తుతిపాఠం చదవవలసి ఉంది. అందులో అధికభాగం అబద్ధమని చదివే తనకూ తెలుసు, మెచ్చుకోబోయే సభకూ తెలుసు. ఆ ఆందోళనతో వీధిలో వెళుతూంటే, తాగిన మైకంలో ఒక బిచ్చగాడు నవ్వుతూ కనిపించాడు. నాలుగు రాగినాణేలతో వాడు కొనుక్కున్న సంతోషాన్ని తాను ఇన్నేళ్ల చదువుతో కొనలేకపోయానని అతనికి తోచింది. వాడి మైకం ఆ రాత్రికి దిగిపోతుంది. కీర్తి అనే తన మైకం మాత్రం నిద్రలో కూడా దిగడం లేదు.

మిలన్‌ బిషప్‌ అంబ్రోస్‌ గొప్ప ఉపన్యాసకుడు. పండితుడు మరొక పండితుణ్ణి వినడానికి ఎలా వెళతాడో మీకు తెలియనిది కాదు. విషయం మీద శ్రద్ధ లేదు, శైలిని తూచడానికే వెళ్లాడు. కాని మాటలను ఆస్వాదిస్తూంటే వాటి వెంట అర్థం కూడా లోపలికి ప్రవేశించింది. మొరటుదని మూసివేసిన బైబిల్‌లోని లోతు కనిపించసాగింది. ప్లేటో సంప్రదాయపు గ్రంథాలు చదివి, పరమాత్మ దేహరహితుడనీ, చెడు అనేది స్వతంత్ర పదార్థం కాక మంచి లోపించడమేననీ గ్రహించాడు. మానీ మతం జారిపోయింది. అయినా చిక్కు వీడలేదు. ఆ గ్రంథాలు శిఖరం మీద నిలబెట్టి దూరాన ఉన్న స్వదేశాన్ని చూపించాయే గాని, అక్కడికి నడిచే దారి చూపలేదని ఆయన బాధ. పైగా తెలిసిందన్న గర్వం మరింత పెరిగింది. దేవుడు మానవుడై దిగివచ్చి తనను తాను తగ్గించుకున్నాడన్న క్రైస్తవుల మాట ఆ గ్రంథాలలో లేదు. దిగిరావడమనే ఆ వినయమే తన రోగానికి మందని ఆయన తరువాత తెలుసుకున్నాడు.

ఇక్కడ ఒక స్త్రీని గురించి చెప్పకుండా ముందుకు పోవడం న్యాయం కాదు. కార్తేజ్‌లో చదువుకునే నాటినుండి సుమారు పదిహేనేళ్లు ఆమె అతనితో కాపురం చేసింది. రోమన్‌ చట్టం గుర్తించే వివాహం కాదు. వారికి పుట్టిన కుమారుని పేరు అదేవొదాతుస్‌, అంటే దేవుడిచ్చినవాడు. మన వ్యాకరణ గ్రంథాలలో అడుగడుగునా కనిపించే దేవదత్తుడే! పదవికి తగిన సంబంధం కోసం మిలన్‌లో ఇంకా వివాహవయస్సు రాని ఒక సంపన్న బాలికను నిశ్చయించారు. ఈ ఏర్పాటులో మోనికకూ పాత్ర ఉంది. ఆ స్త్రీని ఆఫ్రికాకు పంపించివేశారు. మరొక పురుషుణ్ణి ఎరుగనని దేవుని ఎదుట మాట ఇచ్చి, కన్నకొడుకును అతని వద్దనే వదిలి ఆమె వెళ్లిపోయింది. పెళ్లికి రెండేళ్లు ఆగలేక అగస్టీన్‌ ఇంకొక స్త్రీని చేరదీశాడు. తన గుండె చీలి నెత్తురోడిందని ఆయన రాసుకున్న మాట నిజమే కావచ్చు. కాని ఆమె పేరు మాత్రం ఎక్కడా రాయలేదు. ఆమె మర్యాదను కాపాడడానికే అలా చేశాడని కొందరు సమర్థిస్తారు. నాకు మాత్రం ఈ మొత్తం కథలో మాట తప్పనిది ఆమె ఒక్కతేనని అనిపిస్తుంది.

386 ఆగస్టులో పొంటీషియానస్‌ అనే ఆఫ్రికా దేశస్థుడు ఇంటికి వచ్చి, మాటల మధ్య ఈజిప్టు ఎడారిలోని ఆంటొనీ అనే తపస్విని గురించీ, ఆయన చరిత్ర చదివిన వెంటనే కొలువు విడిచిపెట్టిన ఇద్దరు రాజోద్యోగులను గురించీ చెప్పాడు. చదువురానివారు లేచి స్వర్గాన్ని అందుకుంటూంటే ఇంత చదివిన తాము బురదలో పొర్లుతున్నామని అగస్టీన్‌ మిత్రుడు అలిపియస్‌ ముందు వాపోయి, తోటలోకి పరుగెత్తాడు. అక్కడ జరిగినది తర్కానికి సంబంధించినది కాదు. తర్కం ఎప్పుడో ముగిసింది. చేయి కదలమంటే కదులుతుంది, మనసు మారమంటే మారదు. తన సంకల్పానికి తన సంకల్పమే ఎదురుతిరిగింది. అంజూరపు చెట్టు కింద పడి ఏడుస్తూంటే, పక్క ఇంటినుండి ఒక పసిగొంతు, తీసుకుని చదవమని ఆటపాటలా పదే పదే పలకడం వినిపించింది. దానిని దైవాజ్ఞగా గ్రహించి, పౌలు రాసిన పత్రికలను తెరిచాడు. రోమీయులకు రాసిన పత్రికలో, భోగలాలసను విడిచి క్రీస్తును వస్త్రంలా ధరించమనే భాగం కంటపడింది. ఆ వాక్యం దాటి చదవనవసరం లేకపోయింది. లోపలికి వెళ్లి తల్లికి చెప్పాడు. ఆమె ఆనందానికి మేర లేదు.

పదవి వదిలివేసి, వివాహ ప్రయత్నం మానుకుని, 387 ఏప్రిల్‌ 24 రాత్రి, తెల్లవారితే ఈస్టర్‌ పండుగ అనగా, అగస్టీన్‌, అలిపియస్‌, పదిహేనేళ్ల అదేవొదాతుస్‌ ముగ్గురూ అంబ్రోస్‌ చేతుల మీదుగా బాప్తిస్మం పొందారు. ఆఫ్రికాకు తిరిగివస్తూ ఓస్తియా రేవులో ఓడ కోసం ఆగిన దినాలలో మోనికకు జ్వరం వచ్చింది. భర్త పక్కన స్వదేశంలో సమాధి కావాలని ఎన్నాళ్లుగానో కోరుకున్న ఆమె, ఇప్పుడు ఆ కోరిక కూడా విడిచిపెట్టి, దేవునికి ఏదీ దూరం కాదనీ, ప్రార్థనలో తనను స్మరించుకుంటే చాలనీ చెప్పి, యాభై ఆరో ఏట కన్నుమూసింది. విశ్వాసికి దుఃఖం తగదన్న తలంపుతో అగస్టీన్‌ అంత్యక్రియలలో కన్నీరు పెట్టలేదు. తరువాత ఒంటరిగా ఉన్నప్పుడు కట్ట తెగింది. తల్లి కోసం కాసేపు ఏడ్చిన తనను ఎవరైనా తప్పుపట్టదలిస్తే, తన పాపాల కోసం వారే ఏడవాలని కోరుకున్నాడు. ఆఫ్రికా చేరిన ఒకటి రెండేళ్లకే, అసామాన్య మేధావిగా పేరొందిన కొడుకు కూడా పోయాడు.

అగస్టీన్‌ ఏకాంత జీవనం కోరాడు. బిషప్‌ లేని ఊళ్లకు వెళ్లడమే మానేశాడు. వెళితే జనం పట్టుకుని కూర్చోబెడతారని భయం. 391లో, అప్పటికే బిషప్‌ ఉన్నాడన్న ధైర్యంతో హిప్పో నగరానికి వెళితే, అక్కడి జనం బలవంతాన ముందుకు లాక్కుపోయి గురువుగా అభిషేకింపజేశారు. ఆయన ఏడ్చాడు. ఏకంగా బిషప్‌ పదవి రాలేదని ఏడుస్తున్నాడనుకుని కొందరు ఓదార్చారు! నాలుగైదేళ్లలో ఆ పదవీ వచ్చింది. అటుపిమ్మట ముప్ఫై అయిదేళ్లు ఆ రేవుపట్టణమే ఆయన లోకం. ఉదయమంతా భూమి తగాదాలు, వారసత్వపు వ్యాజ్యాలు తీర్చడం, మిగిలిన పొద్దు ప్రసంగించడం, రాత్రి గ్రంథాలు చెప్పి రాయించడం. సహ గురువులతో ఒకే ఇంట, సొంత ఆస్తి అన్నది లేకుండా జీవించాడు. చెరపడినవారిని విడిపించడానికి చర్చి పాత్రలను కరిగించిన సందర్భాలున్నాయి. వార్ధక్యంలో, బానిసల వర్తకులు పల్లెల మీద పడి జనాన్ని ఎత్తుకుపోతూంటే, హిప్పో క్రైస్తవులు ఒక మారు సుమారు 120 మందిని ఓడలనుండీ, దాచిన చోట్లనుండీ విడిపించిన సంగతి ఆయన లేఖ ఒకటి చెబుతుంది. ఆ లేఖ 1981లో గాని అచ్చు కాలేదు.

397 ప్రాంతంలో ఆరంభించిన కన్ఫెషన్స్‌ పదమూడు ఖండాల గ్రంథం. మొదటినుండి చివరివరకు దేవునితో సంభాషణగా సాగుతుంది. పాపాన్ని ఒప్పుకోవడం, దైవాన్ని స్తుతించడం, రెండర్థాలూ ఆ ఒక్క లాటిన్‌ పదంలో ఉన్నాయి. అందులో పదవ ఖండం మరీ విశేషం. మారిన వారి కథలు సాధారణంగా మారిన రోజుతో ముగుస్తాయి. ఆయన మాత్రం బిషప్‌గా నేడు తానేమిటని పరీక్షించుకున్నాడు. కామాన్ని కొంత జయించాడట, తిండిమీది ఆశతో ఇంకా పోరాడుతున్నాడట. పొగడ్త దగ్గర మాత్రం తనకేమీ అంతుపట్టడం లేదని అంగీకరించాడు. పొగడ్తను తృణీకరించేవాడు ఆ తృణీకారాన్ని చూసుకుని గర్వపడతాడు. గర్వాన్ని విడిచానన్న గర్వానికి మందేది?

ఈ ప్రశ్నకు ఆయన సమాధానం కృప. తాను ఆజ్ఞాపించినదాన్ని చేసే శక్తిని కూడా దేవుడే ప్రసాదించాలని ఆ ఖండంలో ఆయన ప్రార్థించాడు. బ్రిటన్‌ నుండి రోమ్‌ వచ్చిన పెలాజియస్‌ అనే నిష్ఠాపరుడు ఆ ప్రార్థన విని కలత చెందాడు. పెలాజియస్‌ చెడ్డవాడు కాడు. అంతా దేవుడే ఇవ్వాలంటే మనిషి సోమరి కాడా, చేయగలిగిన శక్తి లేకుంటే దేవుడు ఆజ్ఞాపించడమెందుకు అన్నది అతని ప్రశ్న. ఆది మానవుని గర్వం వల్ల సంకల్పమే రోగగ్రస్తమైందనీ, రోగి తన బలంతో లేచి వైద్యుని ఇంటికి నడవలేడనీ, వైద్యుడే రావాలనీ అగస్టీన్‌ వాదం. తల్లి కోతిని పిల్ల పట్టుకుంటుందా, తల్లి పిల్లి పిల్లను కరచుకుపోతుందా అని మన శ్రీవైష్ణవాచార్యుల శిష్యపరంపరలలో నడిచిన చర్చ తెలిసిన మీకు ఈ వివాదం కొత్తగా ఉండదు. అగస్టీన్‌ పిల్లి పక్షం. 418లో కార్తేజ్‌ సభ పెలాజియస్‌ బోధను ఖండించింది. అయితే బాప్తిస్మం లేక మరణించిన పసిబిడ్డలకు కూడా, తేలికైనదే అయినా, దండన తప్పదన్నంతవరకు ఆయన వాదం సాగింది. తోటలో తాను పొందిన దయను అంత సంకుచితం చేయడం ఎలా సాధ్యమైందో నాకు బోధపడదు. డోనటిస్టులనే చీలిక క్రైస్తవులను తిరిగి సంఘంలో చేర్చడానికి, మొదట బలప్రయోగం కూడదన్న ఆయనే, తరువాత రాజదండాన్ని సమర్థించాడు. మరణదండన మాత్రం వద్దని అధికారులను వేడుకున్నాడు. ఆ సమర్థనను తరువాతి శతాబ్దాల్లో క్రూరులు ఉదహరించుకున్నారు.

410లో గోతులు రోమ్‌ను కొల్లగొట్టగా లోకం నివ్వెరపోయింది. 413లో మొదలుపెట్టి 426 వరకు రాసిన సిటీ ఆఫ్‌ గాడ్‌ అనే 22 ఖండాల గ్రంథంలో, ఆత్మాభిమానం కట్టిన నగరమూ, దైవప్రేమ కట్టిన నగరమూ లోకాంతం దాకా కలగలిసే ఉంటాయనీ, ఏ సామ్రాజ్యమూ దేవుని రాజ్యం కాదనీ వివరించాడు. డెబ్బై దాటాక తన రచనలన్నిటినీ ముందు వేసుకుని, 93 గ్రంథాలను వరుసగా పరిశీలిస్తూ, ఎక్కడెక్కడ పొరపడ్డాడో తానే ఒక పుస్తకం రాశాడు. వక్తృత్వశాలలో ప్రథముడినని ఉబ్బిపోయిన కుర్రవాడు చివరకు తన తప్పుల పట్టికకు తానే గ్రంథకర్త అయ్యాడు.

429లో వాండల్స్‌ స్పెయిన్‌ నుండి ఆఫ్రికాలోకి దిగారు. మరుసటి ఏడు హిప్పోను ముట్టడించారు. నగరం శరణార్థులతో నిండిపోయింది. మూడవ నెలలో అగస్టీన్‌కు జ్వరం తగిలింది. ఆయన మిత్రుడు, చరిత్రకారుడు పొసీడియస్‌ అప్పుడు అక్కడే ఉన్నాడు. ఎంత పుణ్యాత్ముడైనా పశ్చాత్తాపం లేకుండా దేహం విడువరాదని అగస్టీన్‌ తరచూ చెప్పేవాడట. దావీదు కీర్తనలలో పశ్చాత్తాపానికి సంబంధించిన కొన్నింటిని రాయించి, పడకకు ఎదురుగా గోడకు అంటింపజేసుకున్నాడు. వైద్యులు వచ్చే వేళ, ఆహారం తెచ్చే వేళ తప్ప ఎవరినీ లోపలికి రానివ్వవద్దని కోరి, చివరి పది దినాలు పడుకున్న చోటనుండే ఆ కీర్తనలు చదువుతూ, ఆగకుండా కన్నీరు కారుస్తూ గడిపాడు. 430 ఆగస్టు 28న, డెబ్బై ఆరో ఏట ప్రాణం విడిచాడు. వీలునామా రాయలేదు, రాయడానికి ఆస్తి లేదు. చర్చి గ్రంథాలను జాగ్రత్తగా కాపాడమని మాత్రం చెప్పి ఉన్నాడు. ముట్టడి మరుసటి ఏటికి ముగిసి, జనులు వదిలిపోయిన నగరాన్ని వాండల్స్‌ తగులబెట్టారు. ఆ గ్రంథాలు మాత్రం మిగిలాయి.